మొక్కజొన్న బెండ్ల నుంచి ఇథనాల్: కాలేజీ ల్యాబ్‌లో ఎలా చేయాలి, ఎక్కడ దెబ్బతింటుంది

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల టైమ్ వచ్చిందంటే చాలు, కానూరు నుంచి వడ్లమూడి దాకా అందరూ అడిగేది ఒకటే. "గడ్డి నానబెట్టాం, ఈస్ట్ వేశాం, వారం పైన పులియబెట్టాం, ఏమీ రాలేదు, ఈస్ట్ మార్చమంటారా?" ఈస్ట్ మార్చక్కర్లేదండి. దాదాపు ప్రతిసారీ ఈస్ట్ తప్పేమీ ఉండదు, మీరు దానికి తినడానికి ఏమీ పెట్టలేదంతే. బెల్లంలో చక్కెర రెడీగా ఉంటుంది, గడ్డిలో, బెండ్లలో ఉండేది సెల్యులోజ్ (గ్లూకోజ్‌లు గొలుసులా అతుక్కుని ఉండే పదార్థం), దాన్ని ఈస్ట్ ముట్టుకోనైనా ముట్టుకోదు. సెల్యులోజ్‌ని ముందు విప్పాలి, విప్పాక చక్కెర చేయాలి, ఆ తర్వాతే ఈస్ట్. అందుకే ఇదంతా చదివాక ఒక్క మాట మాత్రం గోడ మీద రాసి పెట్టుకోండి: చక్కెర ఎంత వచ్చిందో కొలవకుండా ఈస్ట్ వేయొద్దు.

ముందు చట్టం సంగతి చెప్పేస్తా. ఇంట్లో ఆల్కహాల్ కాయడం నేరం, తాగడానికి కాదు సార్ ఫ్యూయెల్‌కి అన్నా సరే, ఆంధ్రప్రదేశ్‌లో 1968 ఎక్సైజ్ చట్టం కింద లైసెన్స్ లేకుండా ఆ పని చేయకూడదు. ఊట పెట్టినా కేసే, నాటుసారా దాడుల్లో పోలీసులు ముందు పారబోసేది ఆ ఊటనే కదా. కాబట్టి ఇది మేడ మీదో, పొలంలో మోటారు షెడ్డులోనో చేసే పని కాదు. కాలేజీ ల్యాబ్‌లో, గైడ్‌కీ హెచ్ఓడీకీ చెప్పి, రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకుని, కొలతకి సరిపడా చిన్న మోతాదులో చేయండి. ల్యాబ్‌కి స్పిరిట్ కొనాలన్నా పర్మిట్ ఉంటుంది, ఆ ఫైల్ చూసే ఆయన్ని అడిగితే రూల్స్ మీకే వివరంగా చెప్తారు. ఇంకోటి, వచ్చింది తాగి చూడొద్దు. కాస్టిక్, ఆసిడ్ పోసిన గాజుసామాన్లలోంచి వచ్చేది అది.

ఏ చెత్త తీసుకోవాలి

మన దగ్గర ఛాయిస్ బాగానే ఉంది. తెనాలి వైపు వరి కోశాక దున్నకుండానే మొక్కజొన్న వేస్తారు, గింజలు వొలిచాక బెండ్లు కుప్పలుగా మిగులుతాయి. మొదటిసారి చేసేవాళ్ళు వాటితోనే మొదలుపెట్టండి. బూడిద తక్కువ, లిగ్నిన్ (పోగుల్ని అంటించి పట్టుకునే జిగురు లాంటిది) మరీ ఎక్కువ కాదు, తేలిగ్గా పొడి అవుతాయి.

వరిగడ్డి చేయొచ్చు గానీ అందులో సిలికా ఎక్కువ, బూడిదే 15 శాతం దాకా ఉంటుంది, పైగా డెల్టాలో గడ్డి అంటే గేదెల మేత, దాన్ని చెత్త అంటే రైతు ఒప్పుకోడు. పత్తి కట్టె, మిరప కట్టె గుంటూరు, పల్నాడు చేలల్లో ఊరికే తగలబెడతారు, దొరకడం సులువే, కానీ అది కర్ర, లిగ్నిన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, ఇదే పద్ధతి చేస్తే చక్కెర సగం కూడా రాకపోవచ్చు. ఊక జోలికి అసలు పోకండి, అది రైస్ మిల్లు బాయిలర్‌కే కరెక్ట్.

గుర్రపుడెక్క గురించి చాలామంది అడుగుతారు, ఎందుకంటే బందరు కాలువలో, రైవస్ కాలువలో కళ్ళెదుట కనబడుతుంది, ఫ్రీ, పోస్టర్ మీద ఫొటో కూడా బాగుంటుంది. అయితే అందులో 90 శాతం పైన నీళ్ళే, పది కిలోలు మోసుకొచ్చి ఎండబెడితే కిలో కూడా మిగలదు, సిటీలో కాలువల్లోది అయితే మురుగులోని మెటల్స్‌ని కూడా పీల్చుకుని ఉంటుంది. దాంతోనే చేస్తామంటే వేర్లు కోసేసి ఆకూ కాడా మాత్రమే తీసుకోండి.

ఏది తీసుకున్నా బూజు పట్టింది వద్దు. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు తడిసిన గడ్డిలాంటిది చూడ్డానికి ఎండినట్టే ఉంటుంది, లోపల సగం బూజే తినేసి ఉంటుంది.

ఏం కావాలి

- ఎండు బెండ్లు ఒక అరకిలో (వాడేది 50 గ్రాములే, మిగతాది రిపీట్‌కి)
- కాస్టిక్ సోడా పెల్లెట్లు, కొంచెం డైల్యూట్ సల్ఫ్యూరిక్ ఆసిడ్
- సిట్రిక్ ఆసిడ్, ట్రైసోడియం సిట్రేట్ (బఫర్‌కి, అంటే పీహెచ్ మారకుండా పట్టి ఉంచే ద్రవానికి)
- సెల్యులేజ్ ఎంజైమ్ (సెల్యులోజ్‌ని విరిచేది), యాక్టివిటీ ఎంతో రాసి ఉన్నది
- బేకరీ డ్రై ఈస్ట్, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, అమ్మోనియం సల్ఫేట్
- ఆటోక్లేవ్, టెంపరేచర్ సెట్ చేసుకునే షేకర్ లేదా వాటర్ బాత్, హాట్ ఎయిర్ ఓవెన్
- పీహెచ్ మీటర్, పల్చటి మల్లు గుడ్డ, స్క్రూ క్యాప్ గాజు సీసాలు
- కనీసం 0.01 గ్రామ్ చూపించే త్రాసు
- డిస్టిలేషన్ సెట్, హీటింగ్ మాంటిల్, స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్
- కళ్ళద్దాలు, గ్లౌజులు

ఎంజైమ్ దగ్గర చాలామంది బోల్తా పడతారు కాబట్టి అక్కడ కొంచెం ఆగుదాం. బట్టల మిల్లుల వాళ్ళకి బయో పాలిషింగ్ (బట్ట మీద నూగు తీసి నునుపు చేయడం) కోసం అమ్మే సెల్యులేజ్ ఒకటుంటుంది, చవక, అడగ్గానే దొరుకుతుంది. అది పోగుల్ని కత్తిరిస్తుంది గానీ చివరి దాకా గ్లూకోజ్ చేయదు, ఎందుకంటే అందులో బీటా గ్లూకోసిడేజ్ సరిపడా ఉండదు, పని సెల్లోబయోస్ (రెండు గ్లూకోజ్‌లు అతుక్కుని ఉన్న చక్కెర) దగ్గర ఆగిపోతుంది, మామూలు ఈస్ట్ సెల్లోబయోస్ తినదు. అందుకని కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఎఫ్‌పీయూ (ఫిల్టర్ పేపర్ యూనిట్, ఎంజైమ్ బలం కొలత) ఎంత, బీటా గ్లూకోసిడేజ్ ఉందా. జవాబు చెప్పలేకపోతే కొనొద్దు. బయోమాస్ కోసమే చేసిన సెల్లిక్ సీటెక్ రకం బ్లెండ్ దొరికితే అదే బెస్ట్. ఎండాకాలంలో కొరియర్‌లో వచ్చే లిక్విడ్ ఎంజైమ్ లారీలో ఉడికిపోతుంది, ఐస్ ప్యాక్‌తో పంపమనండి, రాగానే ఫ్రిజ్‌లో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో మాత్రం కాదు.

1. ఎండబెట్టి పొడి చేయడం

బెండ్లని చిన్న ముక్కలు కొట్టి రెండు మూడు రోజులు ఎండలో పోయండి, తర్వాత ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. మిక్సీలో డైరెక్టుగా వేస్తే బ్లేడ్ పోతుంది, ఆటోనగర్‌లోనో పిండిమిల్లులోనో చిన్న హ్యామర్ మిల్ ఉన్నవాళ్ళని అడిగితే కొట్టిస్తారు. సైజు బొంబాయి రవ్వలా ఉండాలి. ఇంకా మెత్తగా ఉంటే ఎంజైమ్‌కి మంచిదే కదా అని పిండి చేసేస్తారు కొందరు, అప్పుడు కడిగేటప్పుడు గుడ్డ మూసుకుపోతుంది, సగం పిండి నీళ్ళతో సింక్‌లోకి పోతుంది.

2. కాస్టిక్‌లో ఉడికించడం

అరలీటరు నీళ్ళలో 10 గ్రాముల కాస్టిక్ కరిగించండి, 2 శాతం అవుతుంది. కాస్టిక్‌ని నీళ్ళలో వేయాలి, కాస్టిక్ మీద నీళ్ళు పోయకూడదు. వేడెక్కుతుంది, కళ్ళద్దాలు పెట్టుకోండి. అందులో 50 గ్రాముల పొడి కలిపి, లీటర్ గాజు సీసాలో పోసి, మూత వదులుగా పెట్టి, ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు. ప్రెషర్ పూర్తిగా దిగాకే తెరవండి, తొందరపడితే సీసా లోపల ఉన్నదంతా పైకి తన్నుకొస్తుంది.

ఆటోక్లేవ్ ఖాళీ లేకపోతే 90 డిగ్రీల వాటర్ బాత్‌లో రెండు మూడు గంటలు ఉంచొచ్చు, రిజల్ట్ కొంచెం తగ్గుతుంది, పని మాత్రం అవుతుంది. ప్రెషర్ కుక్కర్ వాడొచ్చా అంటారు. స్టీల్ కుక్కర్ అయితే, సీసాని లోపల నిలబెట్టి వాడొచ్చు. అల్యూమినియం కుక్కర్‌లో కాస్టిక్ వద్దే వద్దు, అల్యూమినియాన్ని కాస్టిక్ తినేసి హైడ్రోజన్ వదులుతుంది, పక్కన మంట ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఆసిడ్ పద్ధతి కూడా ఉంది, 1 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్ ఇదే 121 డిగ్రీల దగ్గర. రీసెర్చ్ పేపర్లలో ఎక్కువ కనబడుతుంది. అయితే అది సెల్యులోజ్ పక్కనే ఉండే హెమీసెల్యులోజ్‌ని జైలోజ్ అనే ఇంకో రకం చక్కెర చేసి నీళ్ళలోకి వదిలేస్తుంది, వేడి ఎక్కువైతే ఫర్‌ఫ్యూరాల్ లాంటివి పుట్టి తర్వాత ఈస్ట్‌ని చంపుతాయి. మొదటిసారికి కాస్టిక్కే నయం.

ఉడికాక నీళ్ళు నల్ల కాఫీ రంగులోకి వచ్చాయంటే లిగ్నిన్ కదిలినట్టే. రంగు రాకపోతే కాస్టిక్ పాతదయ్యుంటుంది, డబ్బా మూత తీసి పెడితే పెల్లెట్లు గాల్లో చెమ్మ, కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని సత్తువ పోగొట్టుకుంటాయి.

3. కడగడం

ఎవరికీ ఇష్టంలేని స్టెప్, ఎక్కువ మంది ఫెయిల్ అయ్యేది కూడా ఇక్కడే. గుడ్డలో వడకట్టి, పిండి, మళ్ళీ నీళ్ళలో కలిపి, మళ్ళీ పిండి, దిగే నీళ్ళు తేటగా అయ్యేదాకా చేయండి. నీళ్ళు తేటగా ఉన్నాయి కదా అని ఆపేయకండి, పీహెచ్ చూడండి, పోగుల లోపల కాస్టిక్ దాక్కుని ఉంటుంది, గంట ఆగి చూస్తే మళ్ళీ 10 చూపిస్తుంది. చివర్లో కొన్ని చుక్కల డైల్యూట్ ఆసిడ్ వేసిన నీళ్ళలో నానబెట్టి 5 దగ్గరికి తెండి, ఓ అరగంట ఆగి మళ్ళీ చూడండి, నిలబడితే సరే.

ఇప్పుడు ఈ ముద్దని ఎండబెట్టకండి! నీట్‌గా ఉంటుందని ఓవెన్‌లో పెట్టి పౌడర్ చేసి డబ్బాలో పోసుకుంటారు, కాస్టిక్‌తో అంత కష్టపడి తెరిచిన సందులన్నీ ఎండగానే మూసుకుపోతాయి, ఎంజైమ్ లోపలికి పోలేదు. తడిగానే కవర్లో కట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నాలుగైదు రోజుల్లో వాడేయండి.

తడిగా ఉంటే లెక్క ఎలా అంటే, చిటికెడు ఎండబెట్టి చూసుకోవడమే. ఉదాహరణకి 5 గ్రాముల తడి ముద్దని 105 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే 1.2 గ్రాములు మిగిలిందనుకోండి, 24 శాతం ఘనం. మీకు పొడి లెక్కన 25 గ్రాములు కావాలంటే 104 గ్రాముల తడి ముద్ద తూచుకోవాలి, అందులో దాదాపు 79 గ్రాములు నీళ్ళేనని కూడా గుర్తుంచుకోవాలి. ఈ లెక్క వేయకుండా 25 గ్రాముల తడి ముద్ద వేసి, చక్కెర నాలుగో వంతే వచ్చిందని ఎంజైమ్ కంపెనీని తిట్టేవాళ్ళు ఉన్నారు.

50 గ్రాములు మొదలుపెడితే కడిగాక పొడి లెక్కన సగానికి కాస్త అటూ ఇటూగా మిగులుతుంది. 15 గ్రాములే ఉందంటే గుడ్డలోంచి పోయింది, 42 ఉందంటే ఉడకలేదు.

4. ఎంజైమ్‌తో చక్కెర చేయడం

అరలీటరు సీసా తీసుకోండి. మొత్తం బరువు 250 గ్రాములు వచ్చేలా లెక్క: 104 గ్రాముల తడి ముద్ద, పీహెచ్ 4.8 నుంచి 5 మధ్య ఉన్న 0.1 మోలార్ సిట్రేట్ బఫర్ 125 ఎంఎల్, మిగతాది నీళ్ళు, ఎంజైమ్‌కి చోటు ఉంచి. ముద్దా బఫర్ కలిపి ఆటోక్లేవ్ చేసి, చల్లారాక, అప్పుడు ఎంజైమ్ వేయాలి. అన్నీ కలిపేసి ఆటోక్లేవ్‌లో పెట్టినవాళ్ళు కూడా ఉన్నారండి, ఎంజైమ్ అంటే ప్రోటీన్, 121 డిగ్రీల దగ్గర ఉడికి ఊరుకుంటుంది.

డోసు గ్రాము ముద్దకి 15 ఎఫ్‌పీయూ చాలు, 25 గ్రాములకి 375. మీ ఎంజైమ్ ఎంఎల్‌కి 100 ఎఫ్‌పీయూ అయితే 3.75 ఎంఎల్. 50 డిగ్రీలు, 150 ఆర్‌పీఎం, 48 నుంచి 72 గంటలు. మొదట్లో ముద్ద చిక్కగా ఉండి షేకర్ తిరిగినా లోపల కదలదు, అలాంటప్పుడు సగం ముద్దతో మొదలుపెట్టి, ఆరేడు గంటల తర్వాత అది జారుడైపోయాక మిగతా సగం వేయండి.

ఈ లోపు కరెంటు పోతే కంగారు పడక్కర్లేదు, ఎంజైమ్ చావదు. కానీ 50 నుంచి 38కి దిగి అలాగే గంటల తరబడి ఉంటే బాక్టీరియా మొదలవుతుంది, పుల్లటి వాసన, పీహెచ్ కిందకి. ఆ బాచ్ వదిలేయండి. బాక్టీరియా రాకుండా కొన్ని ప్రోటోకాల్స్‌లో సోడియం ఎజైడ్ వేయమని ఉంటుంది, అది చక్కెర మాత్రమే కొలిచేవాళ్ళకి. మీరు తర్వాత ఈస్ట్ వేయాలి, ఎజైడ్ ఈస్ట్‌ని కూడా చంపుతుంది, పైగా మనిషికీ విషమే.

పక్కన రెండు సీసాలు తప్పకుండా పెట్టండి. ఒకటి ముద్ద ఉండి ఎంజైమ్ లేనిది, ఇంకోటి ఎంజైమ్ ఉండి ముద్ద లేనిది. రెండోది ఎందుకంటే లిక్విడ్ ఎంజైమ్‌లోనే చక్కెర కలిసి ఉంటుంది, దాన్ని తీసేయకపోతే మీ లెక్క ఉత్తినే పెరుగుతుంది.

5. చక్కెర చూడటం

మొదట్లో గోడ మీద రాసుకోమన్నది ఈ స్టెప్ గురించే.

బెనెడిక్ట్ టెస్ట్‌లో ఎర్రగా వస్తే సంబరపడిపోకండి, జైలోజ్‌కీ అదే రంగు. డీఎన్ఎస్ అనే రంగు పద్ధతి, 540 నానోమీటర్ల దగ్గర రీడింగ్, అది నంబర్ ఇస్తుంది గానీ అదీ మొత్తం రెడ్యూసింగ్ షుగర్లే చూపిస్తుంది: గ్లూకోజ్, జైలోజ్, సెల్లోబయోస్ అన్నీ కలిపి. కాస్టిక్ పద్ధతిలో హెమీసెల్యులోజ్ కొంత ముద్దలోనే మిగులుతుంది కాబట్టి జైలోజ్ బాగానే కలుస్తుంది, బేకరీ ఈస్ట్‌కి జైలోజ్ పనికిరాదు. డీఎన్ఎస్‌లో లీటరుకి 70 గ్రాములు వచ్చింది, ఇథనాల్ మాత్రం 40 గ్రాముల చక్కెరకి సరిపడానే వచ్చింది, మిగతాది ఏమైంది అని అడిగేవాళ్ళకి జవాబు ఇదే.

హెచ్‌పీఎల్‌సీ (చక్కెరల్ని విడివిడిగా కొలిచే మెషిన్) ఉంటే గొడవే లేదు. లేనివాళ్ళకి మెడికల్ షాపులో దొరికే గ్లూకోమీటర్ బాగా పనికొస్తుంది, నవ్వకండి. స్ట్రిప్ గ్లూకోజ్ ఆక్సిడేజ్ రకమై ఉండాలి, డబ్బా మీద చూడండి, డీహైడ్రోజినేజ్ రకాల్లో కొన్ని జైలోజ్‌కి కూడా రియాక్ట్ అవుతాయి. మీటర్ రక్తం కోసం సెట్ చేసింది, నీళ్ళలో రీడింగ్ వేరేగా ఉంటుంది, అందుకని డెక్స్‌ట్రోజ్ పౌడర్‌తో లీటరుకి 1, 2, 3 గ్రాములు కలిపి, ముందు వాటి రీడింగ్ గ్రాఫ్ గీసుకోండి, స్టాండర్డ్స్‌నీ శాంపిల్‌నీ ఒకే బఫర్‌లో పలచన చేయండి. మీ శాంపిల్‌ని 20 రెట్లు పలచన చేసి పెట్టండి, లేకపోతే మీటర్ హై అని చూపించి ఊరుకుంటుంది.

ఎంత రావాలి? 25 గ్రాముల ముద్దలో సెల్యులోజ్ 60 శాతం అనుకుంటే 15 గ్రాములు. ఒక గ్రాము సెల్యులోజ్ పూర్తిగా విరిగితే 1.11 గ్రాముల గ్లూకోజ్, అంటే 16.6 గ్రాములు పైకప్పు. అందులో 80 శాతం, అంటే 13 గ్రాముల పైన వస్తే చాలా మంచి బాచ్, లీటరుకి 50 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. లీటరుకి 20 కంటే తక్కువుంటే ఈస్ట్ వేయకుండా వెనక్కి వెళ్ళండి: పీహెచ్ చూడండి, ముద్ద ఎండిందేమో చూడండి, ఎంజైమ్‌ని ఫిల్టర్ పేపర్ ముక్క మీద వేసి పని చేస్తుందో చూడండి. ఇలా వెనక్కి వెళ్ళడం టైమ్ వేస్టేం కాదు, ఈస్ట్ వేసి ఇంకో మూడు రోజులు కూర్చోవడమే వేస్ట్.

6. ఈస్ట్

సీసాని 32 డిగ్రీలకి చల్లార్చండి. వడకట్టక్కర్లేదు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 1.2 గ్రాములు, అమ్మోనియం సల్ఫేట్ పావు గ్రాము. బేకరీ ఈస్ట్ ఒక గ్రాముని గోరువెచ్చని నీళ్ళలో, 38 డిగ్రీల లోపల, పది నిమిషాలు నానబెట్టి పోయండి. నురగ రాకపోతే ఆ ప్యాకెట్ చచ్చింది, వేరేది తెచ్చుకోండి.

మూతకి ట్యూబ్ పెట్టి, రెండో కొస చిన్న నీళ్ళ గ్లాసులో ముంచండి. గట్టిగా మూత బిగించి వెళ్ళిపోకండి, 13 గ్రాముల గ్లూకోజ్ నుంచి 6 గ్రాముల పైన కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది మూడు లీటర్లకి మించిన గ్యాస్, అరలీటరు సీసా పగులుతుంది. అలాగని మూత తీసిపెడితే ఆల్కహాల్ వెనిగర్ దారి పడుతుంది.

మే నెలలో విజయవాడ ల్యాబ్‌లో ఏసీ లేకపోతే రూమే 40 ఉంటుంది, బేకరీ ఈస్ట్‌కి 35 దాటితే నీరసం. టబ్‌లో నీళ్ళు పోసి సీసా అందులో నిలబెట్టి, తడి గుడ్డ చుట్టి, ఫ్యాన్ కింద పెట్టండి. 48 గంటలు చాలు.

ఇక్కడ పైసా ఖర్చులేని చెకింగ్ ఒకటుంది. ఈస్ట్ వేయగానే సీసా మొత్తం తూచండి, రోజుకి రెండుసార్లు తూచండి. తగ్గిన బరువు కార్బన్ డయాక్సైడ్, దాన్ని 1.045తో గుణిస్తే ఇథనాల్ గ్రాములు. 5.7 గ్రాములు తగ్గితే 6 గ్రాముల దాకా ఇథనాల్ ఉన్నట్టు. తూచేముందు ట్యూబ్ బయట తడి తుడవండి, ఆవిరి లెక్క కోసం ఈస్ట్ లేని సీసా ఒకటి అలాగే పెట్టి దాని తగ్గుదల తీసేయండి. బుడగలు ఎన్ని వచ్చాయని లెక్కపెట్టుకునే కంటే ఇది నూరుపాళ్ళు నయం.

ఇంకో సీసాలో ఉత్త డెక్స్‌ట్రోజ్ నీళ్ళు, అదే ఈస్ట్, అదే పోషకాలు పెట్టండి. అది పొంగి మీది పొంగకపోతే మీ ద్రవంలో ఈస్ట్‌కి పడనిదేదో ఉంది, చాలావరకు సరిగ్గా కడగని కాస్టిక్ ముద్ద వల్లే. రెండూ పొంగకపోతే ఈస్టే పోయింది.

7. ఎంత వచ్చిందో కొలవడం

పులిసిన ద్రవంలో ఆల్కహాల్ మీటర్ ముంచి చూసి 0 వచ్చిందని బాధపడొద్దు. అందులో మిగిలిన జైలోజ్, బఫర్, పోషకాలు అన్నీ కలిసి ఉంటాయి, రీడింగ్‌కి అర్థం ఉండదు. డిస్టిల్ చేయాలి, అదీ పర్మిషన్ ఉన్న ల్యాబ్‌లోనే, గైడ్ ఉన్నప్పుడు.

వడకట్టిన ద్రవం 100 ఎంఎల్‌ని పీహెచ్ 7కి తెచ్చి, 50 ఎంఎల్ నీళ్ళు, నాలుగు పింగాణీ ముక్కలు వేసి అరలీటరు రౌండ్ బాటమ్ ఫ్లాస్క్‌లో పెట్టి హీటింగ్ మాంటిల్ మీద మెల్లగా కాచండి. బర్నర్ మంట వద్దు, ఇథనాల్ ఆవిరి మామూలు రూమ్ టెంపరేచర్‌కే అంటుకుంటుంది. కండెన్సర్‌కి ఓవర్‌హెడ్ ట్యాంక్ నీళ్ళు పెడితే ఎండాకాలంలో అవి వేడినీళ్ళే, ఆల్కహాల్ గాల్లోకి పోతుంది, బకెట్‌లో ఐస్ వేసి చిన్న పంపుతో తిప్పండి. 90 ఎంఎల్ దాటాక ఆపి, నీళ్ళతో సరిగ్గా 100 చేసి, 20 డిగ్రీల దగ్గర స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్‌తో తూచండి. 3 శాతం ఆల్కహాల్ ఉంటే 0.9957 దగ్గర వస్తుంది. 50 ఎంఎల్ బాటిల్‌లో ఉత్త నీళ్ళకీ దీనికీ తేడా గ్రాములో ఐదో వంతే, కాబట్టి ఇక్కడ మాత్రం మిల్లీగ్రామ్ త్రాసు కావాలి, టెంపరేచర్ రెండు డిగ్రీలు తప్పినా లెక్క తప్పుతుంది. డైక్రోమేట్ రంగు పద్ధతి కూడా ఉంది, అది క్యాన్సర్ కారకం, సింక్‌లో పోయడానికి వీల్లేదు, తప్పనిసరి అయితేనే.

ఇప్పుడు బరువు తగ్గుదల లెక్కనీ దీన్నీ పక్కపక్కన పెట్టండి. రెండూ దగ్గరగా ఉంటే మీ రిజల్ట్‌ని వైవాలో ఎవరూ కదపలేరు. డిస్టిలేషన్‌లో బాగా తక్కువ వస్తే కండెన్సర్‌లో పోయింది, ఎక్కువ వస్తే తూకం తప్పు. గ్రాము గ్లూకోజ్‌కి 0.511 గ్రాముల ఇథనాల్ కంటే ఎక్కువ వచ్చిందని రిపోర్టులో రాశారంటే మాత్రం ఎక్స్‌టర్నల్ మొదటి ప్రశ్న అక్కడే వేస్తాడు.

బండిలో పోయొచ్చా?

వద్దు. మీకు వచ్చేది అంతా కలిపి ఏడెనిమిది ఎంఎల్, అదీ నీళ్ళలో కలిసి. ఎన్నిసార్లు మామూలుగా డిస్టిల్ చేసినా బరువులో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది, నీళ్ళూ ఇథనాల్ అక్కడ కలిసే మరుగుతాయి. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ 99.5 శాతం పైన ఉండాలి, ఆ చివరి నీళ్ళని ఫ్యాక్టరీల్లో 3ఏ మాలిక్యులర్ సీవ్‌తో (నీళ్ళని మాత్రమే పీల్చుకునే గుళికలు) లాగుతారు. నీళ్ళున్న ఇథనాల్‌ని పెట్రోల్‌లో పోస్తే రెండూ విడిపోయి నీళ్ళ పొర ట్యాంక్ అడుక్కి చేరుతుంది. బంకులో ఇప్పుడు దొరికే ఈ20లో (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) ఉన్న ఇథనాల్ ఎక్కువగా చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి వచ్చిందే, గడ్డి వాటా చాలా తక్కువ.

రైతులు అడిగేది వేరే, టన్నుకి ఎంత వస్తుంది అని. ఇండియన్ ఆయిల్ వాళ్ళ పానిపట్ ప్లాంట్ 2022 ఆగస్టు 10న మొదలైంది, ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్లు అని చెప్పారు, భాగిస్తే టన్నుకి 150 లీటర్లు. ప్లాంట్ ఖరీదు 900 కోట్లు దాటింది. అందుకే పొలం గట్టు మీద చిన్న యూనిట్ పెట్టుకుందాం అనేవాళ్ళకి నేను బయోగ్యాసో, బ్రికెట్లో చూసుకోమంటాను.

ఇంకా పైకి తీసుకెళ్దామనుకునే స్టూడెంట్స్‌కి, జైలోజ్ తినే ఈస్ట్ స్కెఫర్సోమైసెస్ స్టిపిటిస్ ఉంది, సూక్ష్మజీవుల బ్యాంకులైన పుణె ఎన్‌సీఐఎం, చండీగఢ్ ఎంటీసీసీ కల్చర్లు పంపుతాయి, కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయాలి, రావడానికి టైమ్ పడుతుంది కాబట్టి సెమిస్టర్ మొదట్లోనే రాసేయండి. దానికి కొంచెం గాలి కావాలి, ఆల్కహాల్ ఎక్కువైతే తట్టుకోదు.

నల్ల కాస్టిక్ నీళ్ళని అలాగే డ్రైన్‌లో వదలకండి. ఆసిడ్ మెల్లగా పోస్తూ పీహెచ్ 2 దగ్గరికి తెండి, గోధుమ రంగు లిగ్నిన్ అడుక్కి దిగుతుంది, దాన్ని వడకట్టి, మిగిలిన నీళ్ళని పీహెచ్ 7కి తెచ్చాకే పారబోయండి, లిగ్నిన్‌ని ఎండబెట్టి తూచి ఆ బరువు కూడా రిపోర్టులో రాయండి, 50 గ్రాముల్లో ఎటు పోయింది ఎంత అనే పట్టికలో ఆ గడి చాలామంది ఖాళీగా వదిలేస్తారు.